న్యూట్రల్‌లో చీరాల దాకా

ఫిబ్రవరి 3, ఉదయం

చీరాల రైల్వే గేటు తీశారు. కారు గేరు డ్రైవ్‌లో వేసి ఆక్సిలరేటర్ తొక్కాను. ఇంజన్ అరిచింది గానీ బండి కదల్లేదు. వెనక మిర్చి టిక్కీ బస్తాల లారీ ఒకటే హారన్. ఇంకాస్త తొక్కేసరికి, ఎవరో వీపు మీద తన్నినట్టు ఒక్క ఉదుటున పట్టాలు దాటింది. కాలేజీ పార్కింగ్‌లో కూర్చుని రాస్తున్నాను. క్లాసు చెప్పడానికి వెళ్లాలి.

సాయంత్రం

దారిలో గేరు పట్టు మళ్లీ మళ్లీ జారింది. ఎలాగో పర్చూరు దాటి ఇల్లు చేరాను. మా ఆయన వీరబాబు అంతా విని, ముసలి బండి, అమ్మిపారేద్దాం, కాలేజీకి నేను దింపుతాగా అన్నారు. ఆయనకేం, అంటారు. యాక్సిడెంట్ తర్వాత నా ఎడమ కాలు క్లచ్ తొక్కలేదు. స్కూటీ ఆపితే నేలకు ఆనదు. నేను ఎవర్నీ బతిమాలకుండా గడప దాటగలిగేది క్లచ్ లేని ఈ ఆటోమేటిక్‌లోనే. ఇది పోతే మళ్లీ ఆయన తీరిక చూసుకుని బతకాలి.

ఆయన ఇంతవరకు ఇందులో ఎక్కలేదు. పెళ్లాం తోలుతుంటే పక్కన కూర్చుంటే ఊళ్లో నవ్వుతారట. పెళ్లిళ్లకు కూడా బైకు మీద నా కారు వెనకే వస్తారు.

ఫిబ్రవరి 4

చీరాల మెకానిక్ ముబీన్‌కు ఫోన్ చేశాను. గేర్ ఆయిల్ తగ్గి ఉంటుంది మేడం, చిన్న పనే, మీరు తోలకండి, ఏదైనా లారీ మీద ఎక్కించి పంపండి అన్నాడు.

చిన్న పనే. హమ్మయ్య.

ఫిబ్రవరి 6

నమ్మలేకపోతున్నాను. కల్లంలో మిరపకాయలు అత్తయ్యకు అప్పజెప్పి ఆయనే ట్రాక్టర్ తెచ్చారు. ఇంట్లో ట్రాక్టరుండగా లారీ ఎందుకే, న్యూట్రల్‌లో పెట్టి స్టీరింగ్ పట్టుకో చాలు అన్నారు. మా ఊళ్లో ఏ బండి ఆగినా అంతే, మోకు కట్టి లాక్కుపోవడమే. పెట్రోలు దండగని ఇంజన్ ఆపించారు. స్టీరింగ్ బరువెక్కి చీరాల దాకా నా భుజాలు పీకాయి. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. నా బండి కోసం ఆయన చేసిన మొదటి పని ఇది. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఫిబ్రవరి 8

గేర్‌బాక్స్ మాడిపోయింది.

అదే రోజు, సాయంత్రం

ముబీన్ విప్పి చూపించాడు. లోపలంతా నలుపు, కమురు కంపు. ఎలా తెచ్చారు మేడం అన్నాడు. చెప్పాను. తల పట్టుకున్నాడు. ఇంజన్ ఆపితే ఆటోమేటిక్‌లో ఆయిల్ పంపు తిరగదట. చక్రాలు మాత్రం తిరుగుతూ లోపలివన్నీ ఆయిల్ లేకుండా ఒరుసుకున్నాయట. మామూలు గేరు బండికైతే ఏమీ అయ్యేది కాదట. ముందున్నది చిన్న లీకేనట. ఈ మోడల్‌కు ఇప్పుడు గేర్‌బాక్స్ దొరకదట.

మా ఆయన ఒక్కటే అడిగారు, నేను ట్రాక్టర్ తేకుండా ఉంటే బాగయ్యేదా అని. ముబీన్ నా వైపు చూసి, విప్పిన బోల్టులు ఏరుకోసాగాడు. ఆయన మీద అరుద్దామనే తిరిగాను. ఆ మొహం చూశాక, ఇంటికి పోదాం పదండి అన్నాను.

ఫిబ్రవరి 14

నిన్న బండిని లారీ మీద తెచ్చి ఇంటి ముందు దింపారు.

పొద్దున కాలేజీకి తయారై బయటికొస్తే, ఆయన అందులో ఎడమ సీట్లో కూర్చుని ఉన్నారు. బెల్టు కూడా పెట్టుకున్నారు. వీధిలో జనం చూస్తున్నారు. ఎక్కు, పోనియ్యి అన్నారు.

ఎక్కాను. స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేశాను. బండి కదల్లేదు.

ఆయన దిగలేదు.