మిక్ అన్నందుకు

మంగళవారం, రింగాస్కిడీ

నా నోటికి తాళం వేయాలి. ఇవాళ ఈ ఐరిష్ ఊళ్లోని మా ప్లాంటులో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఇంజనీరు మా షిఫ్ట్ పెద్దాయన మైకేల్‌ను "మిక్" అని కేకేశాడు. మైకేల్‌ను ముద్దుగా కుదిస్తే వచ్చే పేరే అది. కానీ ఒకప్పుడు ఇంగ్లండులో ఐరిష్ కూలీలందరినీ ఎగతాళిగా అలాగే పిలిచేవారని ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన కరపత్రంలో చదివాను. రక్తం మరిగింది. "ఆయనకో పేరుంది, దాంతో పిలువు!" అని అందరి ముందూ అరిచాను. మేనేజర్ పిలిపించాడు. నా ప్రొబేషన్ ఇంకా నెల ఉంది. ఉద్యోగం పోయిందనుకున్నాను.

పిలవకుండానే మైకేల్ కూడా లోపలికొచ్చాడు. "మిక్ అనమన్నది నేనే. కుర్రాడు నాకోసం అరిచాడు. రేపు సారీ చెబుతాడు, అంతా గ్రాండ్, గొడవేమీ లేదు" అని మేనేజర్‌ను ఒప్పించాడు.

బయటికొచ్చాక నవ్వాడు. "పిచ్చోడా, మా అమ్మ పిలిచిన పేరది! అయినా లండన్‌లో ఇటుకలు మోసిన రోజుల్లో నాకోసం ఇలా అరిచినవాడు ఒక్కడూ లేడు. మీ అమ్మ నిన్నేమంటుంది?"

"బుజ్జి" అన్నాను. ఈ దేశంలో ఎవరికీ చెప్పని పేరు.

ఆ ఇంజనీరుకు సారీ ఎలా చెప్పాలో ఇంకా తోచడం లేదు. కానీ సాయంత్రం గేటు దగ్గర అందరి ముందూ "బుజ్జీ, జాగ్రత్తగా వెళ్లు!" అని మిక్ కేకేస్తే, కోపం రాలేదు. చెయ్యి ఊపాను.