చెయ్యి పట్టుకోకుండా సంతకు

హాడింగ్టన్ పట్టణ నివాసిని, పూర్వం నీతిశాస్త్ర ఆచార్యుణ్ణి, ఆపైన ఎడిన్‌బరో కోర్టుల్లో వకీలుని, అదీ చాలక ఒక్కసారి పార్లమెంటు సభ్యుణ్ణి అయిన నినియన్ కార్‌ఫ్రే అనే నేను, డెబ్భై ఆరేళ్ళ వయస్సులో, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, స్వహస్తంతో రాసిపెట్టిన వీలునామా ఇది. నాకు మతి స్థిరంగానే ఉంది. ఉందని నేనే చెప్పుకోవాలట. మతి తప్పినవాడు ఇదే మాట ఇంతకంటే గట్టిగా చెబుతాడని చట్టాలు చేసేవాళ్ళకు తట్టలేదు. వాళ్ళ పక్కన కూర్చుని వచ్చినవాణ్ణి కనుక నాకు ఆశ్చర్యం లేదు.

మతి బాగున్నా కాళ్ళు బాగాలేవు. మోకాళ్ళ దాకా నీరు పట్టింది. "చలికాలం గట్టెక్కితే చూద్దాం" అంటాడు వైద్యుడు. అంటే గట్టెక్కనని అర్థం. ఇక్కడే ఉంది చిక్కు. చావుజబ్బులో పడ్డ మనిషి తన ఇల్లూ భూమీ అసలు వారసుడికి కాకుండా వేరొకరికి రాస్తే, మా దేశంలో ఆ రాత చెల్లదు. చెల్లాలంటే రాసిన తర్వాత అరవై రోజులు బతకాలి. లేదా చర్చికో సంతకో, అక్కడ జనం ఉండగా, ఎవరి ఆసరా లేకుండా తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళాలి. అరవై రోజులు నా దగ్గర లేవు. చర్చి గడప తొక్కి ముప్పై ఏళ్ళయింది, ఇప్పుడు తొక్కి పాదిరిని సంతోషపెట్టే ఉద్దేశం లేదు. కనుక ఈ సోమవారం సంతకం చేసి, శుక్రవారం సంతకు నడుస్తాను. నడిస్తే ఇది వీలునామా. లేకపోతే ఒక ముసలివాడి తిట్ల దండకం.

ఒకటి. నా ఇల్లు, వెనక తోట, టైన్ నది ఒడ్డున ఉన్న పొలం, నా చెల్లెలి కూతురు గ్రిజెల్ నైర్న్‌కు సర్వహక్కులతో, ఆమె అనుభవించుకునేటట్టూ అమ్ముకునేటట్టూ రాసి ఇస్తున్నాను. తమ్ముడి కొడుకు ఉండగా చెల్లెలి కూతురికి చట్టప్రకారం నా ఆస్తిలో పూచికపుల్ల కూడా రాదు. ఇన్నేళ్ళూ నాకు ఇంత జావ కాచి పోసింది ఆమే. అందులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. నా పుస్తకాలు మొదటినుంచి చివరిదాకా చదివి, "ఇది అబద్ధం మావయ్యా. నువ్వూ నమ్మట్లేదు, ఊరికే రాశావు" అని మొహం మీద అన్నదీ ఆమే. పండితులెవరూ అంత మాట అనలేదు. చదివి ఉంటే కదా.

రెండు. చట్టం మెచ్చిన ఆ వారసుడు, నా తమ్ముడి కొడుకు లడోవిక్ కార్‌ఫ్రే, ఎడిన్‌బరోలో వకీలు. పోయిన నెల పరామర్శకని వచ్చి, నేను నిద్రపోతున్నాననుకుని, నా పడకగదిని ఈ గోడ నుంచి ఆ గోడకు అడుగులేసి కొలిచాడు. తర్వాత గుమ్మంలో నిలబడి, "బెంగపడకు గ్రిజెల్. అటక మీద నీకో మంచం వేయిస్తాలే. మా పిల్లల్ని చూసుకుంటూ పడి ఉందువుగాని" అన్నాడు. ఇంత దయామయుడికి నా వకీలు విగ్గు ఇస్తున్నాను. లోపల ఏమున్నా లేకపోయినా పైన అది ఉంటే గడిచిపోయే వృత్తి. దానితోపాటు, మనిషి మంచితనం మీద నేను రాసిన మూడు సంపుటాలు కూడా వాడివే. నేనిదివరకు ఇచ్చిన పుస్తకాల ప్రతి, అంటుకుని ఉన్న కాగితాలు కోసి తెరవకుండా, వాడింట్లో అలాగే ఉంది. ఇది దానికి జత.

మూడు. నన్ను పార్లమెంటుకు పంపిన కౌన్సిల్ పెద్దలకు ఏమీ లేదు. వాళ్ళ వాటా ఎన్నికలప్పుడే నా ద్రాక్షసారాతో గొంతు దిగిపోయింది. వాళ్ళలో ఒకాయన నన్ను కౌగిలించుకుని, "అయ్యా, అడగడం మరిచిపోయాను, తమరు ఏ పక్షం?" అన్నాడు. లండన్‌లో కూర్చున్న కాలమంతా నేను కూడా ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. అక్కడ నేను ఒకే ఒక్క ప్రసంగం చేశాను. పూర్తయ్యేసరికి ఎదుట ఉన్నవాడు ఒక్కడే, వాడు కూడా నిద్రపోతున్నాడు. దేశాన్ని ఏలేవాళ్ళను దగ్గర నుంచి చూసిన తర్వాత దేశం ఇంకా నిలబడి ఉందంటే అది వాళ్ళు పని చెయ్యకపోవడం వల్లనే అని తెలుసుకున్నాను.

నాలుగు. నేను పాఠం చెప్పిన కళాశాలవారు నా చిత్రపటం కావాలని అడిగారు. బతికి ఉన్న నా మొహం చూడలేక పక్కకు తిరిగి నడిచినవాళ్ళు అడిగారు. ఇవ్వను. గ్రిజెల్ దాన్ని కోళ్ళగూటికి తలుపుగా వేసుకోవచ్చు.

ఐదు. మా ఊరి పాదిరి డాక్టర్ క్వింటిన్ హెప్‌బర్న్‌కు నా వెండి నశ్యం డబ్బీ. మనిషి చేసే ప్రతి ఉపకారంలోనూ ఏదో ఒక మూల వాడి లాభం దాక్కుని ఉంటుందని నా పుస్తకాల సారాంశం. ఆయన ఏటేటా దాన్ని వేదిక ఎక్కి ఖండించాడు. పేరు చెప్పేవాడు కాదు, "మన మధ్యనే ఉన్న ఒక తెలివైన గుడ్డివాడు" అనేవాడు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆయన ప్రసంగాల్లో తర్కం అంత. నశ్యం తనకు కాదు, వినేవాళ్ళకు పంచమని మనవి. కనీసం తుమ్ముతూ మేలుకుని ఉంటారు.

ఆరు. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత నోటరీ ఆడమ్ ప్రింగిల్‌ది. నిజాయితీపరుడు. మోసం చెయ్యడానికి కావలసిన తెలివి దేవుడు అతనికి ఇవ్వలేదు.

ఇది నా ఇష్టపూర్వకంగా రాసి సంతకం చేసినది.
1813 అక్టోబరు 11, సోమవారం.
నినియన్ కార్‌ఫ్రే
సాక్షులు: ఆడమ్ ప్రింగిల్, నోటరీ. సాండర్స్ గ్రీవ్, తోటమాలి.

అనుబంధం

పై రాతలో దేన్నీ మార్చడానికి కాదు, జరిగినదానికి సాక్ష్యంగా ఇది రాస్తున్నాను.

నడిచాను. చేతికర్ర కూడా ఇంట్లోనే వదిలేశాను. కర్ర ఆసరానా కాదా అని కోర్టులో ఏళ్ళ తరబడి వాదించవచ్చు. ఒకసారి వాదించి గెలిచినవాణ్ణి నేనే. గ్రిజెల్ నన్ను తాకనంత దూరంలో వెనకాల నడిచింది. ప్రింగిల్ నోట్లో నువ్వుగింజ నానదు కనుక సంగతి ఊరంతా తెలుసు, ఎడిన్‌బరోకూ తెలిసింది. సంత మొదట్లోనే లడోవిక్ ఎదురొచ్చాడు. "పెదనాన్నగారూ! ఈ స్థితిలో ఏమిటండీ ఇది? నా చెయ్యి పట్టుకోండి, పడిపోతారు." ఆ చెయ్యి పట్టుకుంటే గ్రిజెల్ అటక ఎక్కాల్సిందే. "నీ చెయ్యి జేబులో పెట్టుకోరా. నీ జేబులోనే" అని చెప్పి ముందుకు సాగాను.

చేపల బల్లల దగ్గర కాలు జారింది. బురదలో బోర్లా పడ్డాను.

"అయ్యయ్యో!" అంటూ లడోవిక్ రెండు చేతులూ చాచి పరుగెత్తుకొచ్చాడు. వాడు అంత వేగంగా నాకోసం ఎప్పుడూ రాలేదు. ఇంతలో చేపలమ్మే బెథియా మార్ గొంతు సంతంతా వినిపించింది. "ఎవరూ ముట్టుకోకండెహె! ఆయన్ని ముట్టుకున్నోడికి ఈ కత్తితోనే పొలుసు తీసేస్తాను!" జనమంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. లడోవిక్ ఆగలేదు. వాడికీ నాకూ మధ్యకు ఒక పెద్ద బొజ్జ వచ్చి నిలబడింది. అది హెప్‌బర్న్ పాదిరిది.

"మీరు క్రైస్తవులేనా అండీ? ముసలాయన బురదలో పడి ఉంటే అడ్డం నిలబడతారా!" అన్నాడు లడోవిక్.

"క్రైస్తవుణ్ణే నాయనా. అందుకే నిలబడ్డాను" అన్నాడు పాదిరి.

గ్రిజెల్ చేతులు రెండూ శాలువలో చుట్టుకుని, ఏడుస్తూ తిట్టింది. "లే మావయ్యా! నాకోసం వద్దు. వాడి మొహం ఎట్లా మాడుతుందో చూడ్డానికైనా లే!" నా స్వభావం దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. జాలిపడి పిలిచి ఉంటే అక్కడే పడి ఉండేవాణ్ణి. పక్కనున్న బల్లను కూడా పట్టుకోకుండా, మోకాళ్ళ మీద లేచి, తర్వాత కాళ్ళ మీద లేచాను. లడోవిక్ మొహం చూశాను. పడ్డ శ్రమకు తగిన ఫలితమే. తర్వాత బెథియా దగ్గర ఒక చేప కొన్నాను. రెట్టింపు ధర చెప్పింది, బేరమాడాను, తగ్గలేదు. ఆ చేప పట్టుకుని ఇంటికి నడిచి వచ్చాను.

ఇల్లు తనకు వస్తే చర్చికి కొత్త గంట చేయిస్తానని లడోవిక్ పాదిరికి మాట ఇచ్చాడట. ప్రింగిల్ సాయంత్రం వచ్చి చెప్పాడు. అంటే ఆ బొజ్జ అడ్డం నిలబడినందువల్ల పాదిరికి పోయిందే గాని వచ్చింది ఏమీ లేదు. అప్పటినుంచి ఆయన లాభం ఏ మూల దాక్కుందా అని వెతుకుతున్నాను. దొరకడం లేదు. మూడు సంపుటాలు రాసినవాడికి ఇది ఎంత ఒళ్ళుమంటగా ఉంటుందో చదివేవాళ్ళకు తెలియదు.

ఐదో నిబంధన కొట్టెయ్యమని గ్రిజెల్ పోరుతోంది. ఒక్క అక్షరం దిద్దినా, నడిచిన తర్వాత దిద్దారంటూ లడోవిక్ కోర్టు ఎక్కుతాడు. కనుక తిట్లు తిట్లుగానే ఉంటాయి. డాక్టర్ హెప్‌బర్న్ వాటిని భరించాలి.

ఎల్లుండి ఆదివారం చర్చికి కూడా నడుస్తాను. చట్టానికి సంత ఒక్కటి చాలునని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. కృతజ్ఞతలు చెప్పడం నాకు ఏనాడూ అలవాటు కాలేదు, ఈ వయస్సులో నేర్చుకోలేను. ముందు వరుసలో కూర్చుని ఆయన ప్రసంగం చివరిదాకా వింటాను. నిద్రపోను.

1813 అక్టోబరు 15, శుక్రవారం.
నినియన్ కార్‌ఫ్రే

నడకకు సాక్షులు:

బెథియా మార్, చేపల వర్తకురాలు. చూశాను. చేపకు చెప్పిన ధర న్యాయమైనదే.

క్వింటిన్ హెప్‌బర్న్, పాదిరి. చూశాను. ఆయన పడినప్పుడు నా చేతులు రెండుసార్లు ముందుకు పోయాయి, రెండుసార్లూ వెనక్కి లాక్కున్నాను. ఇంత కష్టమైన ఉపకారం నేను ఎవరికీ చెయ్యలేదు.