పచ్చ బఠాణీల పుకారు

మే 30, సోమవారం
నిర్ణయం తీసేసుకున్నాను! జూన్ 23న ఓట్లు పడేదాకా మా చేపల వేపుడు దుకాణంలో ఆ మాట ఎత్తను. ఎవర్నీ ఎత్తనివ్వను. యూరోపియన్ యూనియన్‌లో మన దేశం ఉండాలా, బయటికొచ్చెయ్యాలా అన్నది ఫుట్‌పాత్ మీద తేల్చుకోండి.

కారణం: మొన్న శనివారం ఇద్దరు అన్నదమ్ములు కౌంటర్ ముందే కలబడబోయారు. ఒకడు టీవీలో ఒక మంత్రి చెప్పిన అంకె పట్టుకున్నాడు, రెండోవాడు ఇంకో మంత్రి చెప్పిన అంకె. మంత్రులంతా అబద్ధాలకోరులేనని ఇద్దరూ ఒప్పుకుంటారు. అయినా ఆ అంకె కోసం చొక్కాలు చింపుకుంటారు!

బోర్డు రాసి పెట్టాను: "ఇక్కడ చేపలు, చిప్స్ మాత్రమే. రాజకీయం ఎత్తినవాళ్ళు క్యూలో చివరికి పోవాలి. ఇట్లు, గ్లెనిస్."

మా ఆయన ట్రెవర్ చదివి, "నువ్వే ముందు చివరికి పోతావు, చూస్తూండు" అన్నాడు.

ఏమైనా అనుకోనీ. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

మే 31, మంగళవారం
అద్భుతం! ఆల్ఫ్‌ని మూడుసార్లు చివరికి పంపాను. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు పడవ నడిపినవాడు. "పిల్లా, నేను వాతావరణం గురించి కదా అన్నాను!" అంటాడు. "బ్రస్సెల్స్ నుంచి మబ్బులొస్తున్నాయి" అంటే వాతావరణమా? యూనియన్ ఆఫీసులున్న ఊరది!

చివరికి చేప తీసుకుని నవ్వుతూనే వెళ్ళాడు. దుకాణం గుడిలా నిశ్శబ్దం. ఇలాగే సాగిపోవాలి.

జూన్ 2, గురువారం
ఇంకా నిలబడే ఉన్నాను. రేడియో మీద ఒక్కసారి అరిచాను, అంతే. రేడియో క్యూలో నిలబడదు కాబట్టి లెక్కలోకి రాదు.

వంటింట్లో ట్రెవర్‌తో కాస్త వాదన జరిగింది. వంటింటిని దుకాణం అనరు. కాబట్టి అదీ లెక్కలోకి రాదు.

"మీ బోర్డు మీకు తప్ప అందరికీ వర్తిస్తుందా బాస్?" అంది ఇల్జే. లాత్వియా పిల్ల, అదీ యూనియన్‌లోని దేశమే; తొమ్మిదేళ్ళుగా మా దగ్గరే పనిచేస్తోంది. చేపకి పిండి పట్టించి నూనెలో వదిలేది తనే. ఓటు లేదు కానీ నోరు ఉంది.

జూన్ 3, శుక్రవారం
చెప్పడానికే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

సాయంత్రం క్యూ తలుపు దాటి వీధిలోకి పోయింది. మధ్యలో కౌన్సిలర్ డెస్మండ్ త్వెయిట్. బయటికొచ్చేద్దాం అనే బ్యాచ్. కోటు మీద ప్రచారం బిళ్ళ. బోర్డు చూసి, ఆ మాట ఎత్తకుండానే మాట్లాడటం మొదలెట్టాడు. "అది అయితే గనక రేవు మళ్ళీ కళకళలాడుతుంది, ఇంటింటికీ ఉద్యోగం..."

ఆల్ఫ్ ఊరుకుంటాడా? "పోయిన ఎన్నికల్లో ఆసుపత్రి కట్టిస్తానన్నావు. కారు పార్కింగ్ వచ్చింది. ఇప్పుడు నాకు గుండెపోటొస్తే ఎక్కడ పడుకోమంటావు, మూడో నంబర్ గడిలోనా?"

క్యూ అంతా గొల్లుమంది. డెస్మండ్ నా వైపు తిరిగి, "వ్యాపారం చేసే మనిషివి, నువ్వు చెప్పు గ్లెనిస్" అన్నాడు.

నా నాలుక కాలిపోను! వెటకారానికి అన్నాను: "అయ్యో, మీకింకా తెలీదా? బ్రస్సెల్స్ వాళ్ళు మన బఠాణీ ముద్ద మరీ పచ్చగా ఉందన్నారు. వచ్చే ఏడాది నుంచి బూడిద రంగు బఠాణీలే అమ్మాలిట!"

ఎవరైనా నవ్వుతారని ఆగాను.

ఒక్కరూ నవ్వలేదు. చేప పక్కన పచ్చ బఠాణీ ముద్ద లేకపోతే మా ఊళ్ళో అది భోజనమే కాదు మరి.

"బూడిద రంగా?" అన్నాడు ఆల్ఫ్, నీరసంగా.

సరిదిద్దుదామనే అనుకున్నాను. ఈలోగా చిప్స్ మాడుతున్నాయి.

జూన్ 6, సోమవారం
పోస్టాఫీసులో ఒకావిడ నన్ను పక్కకి లాగి చెవిలో చెప్పింది: "బఠాణీల సంగతి విన్నావా? మా బావగారికి లోపలి మనిషెవరో చెప్పారట."

లోపలి మనిషిని నేనే!

జూన్ 8, బుధవారం
డెస్మండ్ వ్యాన్ మైకుతో మా వీధిలోకొచ్చింది. "మన చేప మనది! మన బఠాణీ మనది!"

దాని వెనకే, యూనియన్‌లో ఉండిపోదాం అనే బ్యాచ్ కరపత్రం వచ్చింది. ఫెలిసిటీ మార్ అని ఒకావిడ, పక్క ఊరి నుంచి వచ్చి ప్రచారం చేస్తోంది. అది అబద్ధమని తేల్చేస్తుందని ఆశగా చదివాను. అబ్బే! "బయటికొస్తే బఠాణీల ధర రెట్టింపు" అని రాసింది.

నా నోట్లోంచి ఊడిపడ్డ చెత్త మీద రెండు పార్టీలు చెరో మేడ కట్టాయి! ట్రెవర్ నవ్వి నవ్వి పిండి డబ్బా మీద కూలబడ్డాడు. లేచాక వెనకంతా తెల్లగా ఉంది.

నిజం చెప్పెయ్యాలి. చెప్పేస్తాను. కానీ జనం మళ్ళీ దొరకవేమోనని ఒక్కొక్కరు రెండేసి గిన్నెల బఠాణీ పట్టుకెళ్తున్నారు. ఇంత వ్యాపారం ఎప్పుడూ చూడలేదు. వారాంతం గడవనీ.

జూన్ 10, శుక్రవారం
వ్యాపారం గంగలో కలవనీ.

కీత్ అని, దుకాణం ఎదురింటివాడు, డబ్బులిస్తూ కౌంటర్ మీదుగా వంటింట్లోకి కేకేశాడు: "ఏమ్మా ఇల్జే, మీవాళ్ళకి చెప్పు. మా బఠాణీల జోలికి రావద్దని!"

కొందరు నవ్వారు. ఇల్జే చేపని నూనెలోంచి తీసి, జాగ్రత్తగా కాగితంలో చుట్టి, వాడి ముందు పెట్టింది. "మా ఊళ్ళో బూడిద రంగు బఠాణీలే తింటాం" అంది. "క్రిస్మస్‌కి మా అమ్మ పంది మాంసం ముక్కలు వేసి వండుతుంది. బాగుంటాయి."

"చూశారా!" అన్నాడు కీత్ క్యూ వైపు తిరిగి. "నేను చెప్పలా!"

తలుపు మూశాక ఇల్జే అడిగింది. "ఈ మాట ఎవరు పుట్టించారు బాస్?"

"ఎవడో రాజకీయ నాయకుడు. ఇంకెవరు పుట్టిస్తారు?" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో నోటికి.

జూన్ 11, శనివారం
పొద్దున్నే ఇల్జే దుంపలు కడుగుతుంటే చెప్పేశాను. మొత్తం.

కుళాయి కట్టేసింది. ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించింది. పెరటి మెట్టు మీద కూర్చుని సిగరెట్ ముట్టించింది. నేను గుమ్మంలో దొంగలా నిలబడ్డాను.

"కీత్‌కి ప్రతి శుక్రవారం పెద్ద చేప ముక్క ఏరి వేస్తాను" అంది చివరికి. "వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి. నిన్న కూడా పెద్దదే వేశాను."

"క్షమించవే ఇల్జే."

"నాకెందుకు చెప్తున్నారు? నేను మొదట్నుంచీ నమ్మలేదు. నమ్మినవాళ్ళకి చెప్పండి."

సిగరెట్ అయ్యాక లోపలికొచ్చి ఏప్రాన్ కట్టుకుంది. మళ్ళీ కుళాయి తిప్పింది.

జూన్ 14, మంగళవారం
చర్చి హాల్లో సభ. వేదిక మీద ఈ చివర డెస్మండ్, ఆ చివర ఫెలిసిటీ. మాట బఠాణీల దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాను.

"అదంతా నేను కల్పించిందే. వెటకారానికన్నాను. బ్రస్సెల్స్ వాళ్ళకి మన బఠాణీల ఊసే తెలీదు. తప్పు నాది."

ఊపిరి పీల్చుకుని చప్పట్ల కోసం... కనీసం తిట్ల కోసం ఎదురుచూశాను.

"నీ నోరు ఎవరు నొక్కారు పిల్లా?" అన్నాడు ఆల్ఫ్, జాలిగా.

"ఎంత ముట్టిందేమిటి గ్లెనిస్?" వెనక నుంచి ఎవరో.

డెస్మండ్ మైకందుకున్నాడు. "చూశారా! నిజాయితీగా బతికే చేపల దుకాణం మనిషిని కూడా బెదిరించేశారు!" హాలు దద్దరిల్లింది.

"ఏదేమైనా, ధరలు పెరగడం మాత్రం ఖాయం" అంది ఫెలిసిటీ.

అరిచాను: "నేను చెప్పిన అబద్ధం అబద్ధమని నేనే చెప్తుంటే నమ్మరేం?"

"నువ్వూ ఆ నాయకుల్లాగే మాట్లాడుతున్నావే!" అన్నాడు కీత్.

అప్పుడు చివరి వరసలో ఇల్జే లేచింది. "ఈవిడ అబద్ధాలాడుతుంది. నాకు తెలుసు. నాకే ఒకటి చెప్పింది, నాయకుడెవరో పుట్టించాడని. మర్నాడు ఏడుపు మొహంతో వచ్చి ఒప్పుకుంది. బఠాణీల కథ ఈవిడదే."

ఆల్ఫ్ మెల్లగా అన్నాడు: "ఈ పిల్లకి ఓటు లేదు కదా. అబద్ధమాడి దీనికి ఒరిగేదేముంది?"

కొందరు తలూపారు. కొందరు ఊపలేదు. కీత్ మాత్రం టోపీ చేతిలో నలుపుకుంటూ, ఎవరివైపూ చూడకుండా బయటికెళ్ళిపోయాడు.

జూన్ 20, సోమవారం
కీత్ వచ్చాడు. ఇవాళ శుక్రవారం కాదే? వంటింటి వైపు చూస్తూ గొణిగాడు: "ఆ బూడిద బఠాణీలు... నిజంగానే బాగుంటాయా?"

"నిజంగానే" అంది ఇల్జే. వాడికి చిన్న ముక్క వేసింది. వాడు అదే పట్టుకెళ్ళాడు.

జూన్ 23, గురువారం
ఓటేశాను. ట్రెవర్‌కి చెప్పలేదు. తనూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇంత మర్యాదగా ఎప్పుడూ లేం.

బూత్‌లో పెన్సిల్ ఇస్తారు కదా, రబ్బరుతో చెరిపేస్తారేమోనని ఆల్ఫ్ సొంత పెన్ను తెచ్చుకున్నాడు. క్యూలో ఉన్నవాళ్ళందరికీ దాన్ని అరువిచ్చాడు. నాకూ ఇచ్చాడు. వద్దనబోయి తీసుకున్నాను.

జూన్ 24, శుక్రవారం
బయటికొచ్చేస్తున్నాం. రేడియోలో పొద్దుట చెప్పారు. ట్రెవర్ టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సంతోషమో దిగులో మొహంలో తెలియలేదు. నా మొహమూ అలాగే ఉండుంటుంది.

ఇల్జే వేళకే వచ్చింది. దుంపల బస్తా విప్పుతూ అడిగింది: "నన్ను పంపించేస్తారా బాస్?"

'ఛ, ఎవరు పంపిస్తారు' అనేది నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తెలీదే ఇల్జే. నిజంగా తెలీదు. ఎవడైనా కాగితం పట్టుకుని నీ కోసం వస్తే మాత్రం ముందు నన్ను దాటాలి."

"మిమ్మల్ని దాటడం కష్టమే" అంది. నా నడుం వైపు చూస్తూ అంది, దొంగపిల్ల.

సాయంత్రం క్యూ. పండగలా ఉన్నవాళ్ళూ ఉన్నారు, చావింట్లోంచి వచ్చినట్టున్నవాళ్ళూ ఉన్నారు. డెస్మండ్ ఫోన్ ఎత్తడం లేదట. ఫెలిసిటీ తన ఊరికి వెళ్ళిపోయిందట.

"ఇప్పుడేమవుతుంది?" అన్నాడు ఆల్ఫ్.

ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. ఇంత జరిగాక కూడా! నా నోట్లోంచి ఏదో ఒకటి రాలితే పట్టుకుపోదామని చూస్తున్నారు. ఒట్టు, ఏదో ఒకటి చెప్పెయ్యాలని నాలుక దురద పెట్టింది.

అదిమిపెట్టుకున్నాను. ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలు! ఈసారి గట్టిగా. దుకాణంలో రాజకీయం ఎత్తను. నాకు తెలిసింది తప్ప ఇంకేదీ చెప్పను.

"చేప నాలుగు నిమిషాల్లో వేగిపోతుంది" అన్నాను. "అదొక్కటే హామీ ఇవ్వగలను."

ఆరు నిమిషాలు పట్టింది.