దారాల కొట్టులో మన పిల్ల గొంతు

ఏమండీ,

మీకు నా నమస్కారాలు. ఇంట్లో అందరం క్షేమం అని రాయబోయి ఆగాను, అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే కదా. నేను క్షేమమే. ఓడలో మీ నడుము నొప్పి తగ్గిందా? ఇక్కడ కొట్టు బాగానే నడుస్తోంది. దర్జీలు వస్తున్నారు, బేరాలాడుతున్నారు, నా బుర్ర తింటున్నారు.

మన వాగుడుకాయ పిల్ల చేసిన, కొట్టు సరుకుల లెక్క చూసే ప్రోగ్రాం మీ లాప్‌టాప్‌లో ఎలా నడపాలని అడిగారు. కంగారుపడకండి, నాకే వచ్చిందంటే మీకు రాకపోవడమేంటి. ముందు కంటైనర్లు, అంటే మీ ఓడలోవి కావు, కంప్యూటర్‌లోవి, నడిపే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. నేను పంపే ఇమేజ్ ఫైలు అందులో లోడ్ చేసి, రన్ కొట్టండి. ఇమేజ్ అంటే దర్జీ కత్తిరింపు కాగితం అనుకోండి. కంటైనర్ అంటే ఆ కాగితం పెట్టి కుట్టిన చొక్కా. ఒక్క కాగితంతో ఎన్ని చొక్కాలైనా కుట్టుకోవచ్చు. స్టాప్ అంటే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించడం, రిమూవ్ అంటే పారేయడం.

మీరడిగింది ప్రోగ్రాం కోసం కాదని నాకు తెలుసు. ఏ దారం అయిపోయినా కంప్యూటర్ మన పిల్ల గొంతుతో చెబుతుందని రాశాను కదా, అది వినాలని. ఒక్కో రంగుకీ ఒక్కో మాట రికార్డు చేసింది, మీరు ఓడెక్కాక. పిల్ల పోయాక కూడా నాకు రోజూ వినిపించేది: “అమ్మా, వంకాయరంగు అయిపోయిందే. మళ్లీ మర్చిపోయావా?”

ఎలా చెప్పాలో తెలియక ఇంతసేపూ ఏదేదో రాశాను. మొన్న కంప్యూటర్ మరీ నత్తలా నడుస్తోందని, ప్రోగ్రాం ఆపి, ఆగి ఉన్న కంటైనర్లన్నీ తీసేశాను. ఇమేజ్ ఉందిగా, మళ్లీ రన్ చేస్తే అన్నీ వస్తాయనుకున్నాను. ప్రోగ్రాం వచ్చింది. వంకాయరంగు దగ్గర సున్నా పెట్టి చూశాను. కిక్కురుమనలేదు. మాటలన్నీ ఆ పాత కంటైనర్ లోపలే ఉండిపోయాయట. చొక్కా మీద కుట్టిన పువ్వు కాగితం మీదకి ఎలా వస్తుంది? ముందే బయటి ఫోల్డర్ ఒకటి కలిపి అందులో దాచుకోవాలట. పిల్లేమో తర్వాత చేస్తాలే అనేది, అదీ అప్పుడే నేర్చుకుంటోంది కదా పాపం. కంప్యూటర్ రిపేరు చేసే ఆయన చాలాసేపు కూర్చుని వెతికాడు. “తీసేసిన దాని లోపలివి తిరిగి రావక్కా” అన్నాడు.

ఇమేజ్ పంపిస్తున్నాను. రన్ చేస్తే తెర వస్తుంది, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో అన్నీ పిల్ల పేర్చినట్టే ఉంటాయి. మాట మాత్రం రాదు. మీరు ఒక్కసారైనా వినకుండా చేసింది నేనే. ఒడ్డు చేరగానే ఫోన్ చేసి తిట్టండి. పోనీలే అని మాత్రం అనకండి, అది నేను తట్టుకోలేను.

ఇట్లు,
మన పిల్ల వాళ్లమ్మ