జిమ్మీ నీళ్ల గిన్నె బోర్లించకు

అమ్మా సన్యాసమ్మా,

కుక్క ఒంటేలును చుక్క కింద పడకుండా సీసాలో పట్టిన మొనగాణ్ణి విశాఖపట్నం మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ సీసాని పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లి చూపించాను. మూత్రంలో క్రిములు చేరాయట. జిమ్మీ ఇల్లు తడిపేది అందుకే, పొగరెక్కి కాదు. మాత్రలు గూట్లో ఉన్నాయి. పొద్దునొకటి, రాత్రొకటి అన్నంలో కలిపి పెట్టు. తేరుకున్నట్టు కనిపించినా ఆపకు.

నీళ్లు ఎన్ని తాగితే అన్ని పొయ్యి. "నీళ్లు తాగబట్టే కదా మావయ్యా, దేవుడి గదంతా తడిపేత్తంది" అని శ్రావణ శుక్రవారం పేరు చెప్పి దాని గిన్నె బోర్లించావు. నేను తిప్పి పెట్టిన ప్రతిసారీ మళ్లీ బోర్లించావు. నీళ్లు మానిపిస్తే క్రిములు కిడ్నీలకెక్కి కుక్క దక్కదన్నారు డాక్టరుగారు. "గిన్నె బోర్లించినోళ్లని తీసుకురండి, ముందు ఆళ్లకి సూదేత్తాను" అని కేకలు కూడా వేశారు.

ఊళ్లో వరి ఊడ్పులున్నాయి, పద్మనాభం బస్సుకి వెళ్తున్నాను. పెరట్లో విడిగా పడేసిన నా పంచె ముట్టుకోకు. సీసాలో పడింది సగమే, మిగతాది దాని మీదే ఉంది.

జగ్గారావు

డాక్టరుగారు కేకలేమీ వెయ్యలేదు. ఆ సూది మాట నేను కల్పించిందే. నేను చెబితే నువ్వు వినవని ఆయన నోట పెట్టాను. కుక్క దక్కదన్నది మాత్రం ఆయన మాటే.