అక్క పేరు మీద పలికిన కూలి

రాయచూరు

అక్క హనుమమ్మకు చెల్లెలు సౌభాగ్య నమస్కరించి రాసేది. ఇక్కడ మనుషులందరం బాగానే ఉన్నాం. మన పత్తి మిల్లు సంగతి కింద రాస్తాను. మహబూబ్‌నగరులో నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నేను ఫోన్ చేసినప్పుడల్లా బావగారు స్పీకర్ పెట్టిస్తారు. నా మాట సగంలో ఉండగానే జవాబు ఆయనే చెప్పేస్తారు. ఉత్తరానికి స్పీకర్ లేదు. దీన్ని నువ్వొక్కదానివే చదువు.

నువ్వు తొక్కు సీసాతో పంపిన ఉత్తరం అందింది. తొక్కులో ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది, అయినా సీసా సగం ఖాళీ చేశాను. నా మోకాళ్ళ సంగతి అడిగావు. మిల్లు మెట్లు ఎక్కనంతసేపు బాగానే ఉంటాయి. పంపాపతి ఇంకా పనికి వస్తున్నాడా అన్నావు. వస్తున్నాడు. మిషన్లకు నూనె పోస్తూ నాన్నను తిట్టినట్టే ఇప్పుడు నన్నూ తిడుతున్నాడు.

ఇక అసలు ప్రశ్న. కంపెనీ మన మిల్లును కిరాయికి అడుగుతుంటే ఎందుకు మొండికేస్తున్నావు, చెయ్యి కదపకుండా ఇద్దరికీ నెలనెలా డబ్బు వస్తుంది, పెద్ద కంపెనీ అయితే పనివాళ్ళకూ జీతాలు బాగుంటాయి కదా అని రాశావు. మీ ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగిపోయిందని నాకు తెలుసక్కా. నీ మాటలో నిజం కూడా ఉంది. కంపెనీ మిల్లులో కుర్చీల్లో కూర్చునే వాళ్ళకు జీతం, పీఎఫ్, పండగ బోనసు అన్నీ ఉన్నాయి. నాన్న ఏనాడూ అలా ఇవ్వలేదు, కూలి కూడా వారం ఆలస్యం చేసిన రోజులున్నాయి. అయితే ఆ కుర్చీలు ఓ అరడజను. పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ళు, బేళ్ళు మోసే హమాలీలు అక్కడ కంపెనీ మనుషులు కారు. గుత్తేదారు తెచ్చిన మనుషులు.

మన రోడ్డు మీద మనది, పక్కది, కంపెనీది, మూడు మిల్లులు కదా. పక్క మిల్లు అన్నదమ్ములు ముగ్గురూ వాటాల దగ్గర కొట్టుకుని, చివరికి కంపెనీకే కిరాయికి ఇచ్చేశారు. కిరాయి ఠంచనుగా వస్తోంది. గేటుకు మాత్రం తాళం. లోపల సర్కారు కంప నడుము ఎత్తు పెరిగింది. మన మిల్లూ అట్లాగే పడుకోబెడతారా అని కంపెనీ మేనేజరును మొహం మీదే అడిగాను. అతను టీ తాగుతూ, "నడిపేది, నడపనిది మా ఖుషీ అమ్మా. మీకు కిరాయి ముడుతది గద, ఫికర్ ఏంది?" అన్నాడు.

చెత్త ఏరే ఆడవాళ్ళకు పెద్దది మారెవ్వ నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు నిన్ను పత్తి కుప్ప మీద జారనిచ్చి నాన్న చేత చీవాట్లు తిన్న మనిషి. మొన్న ఆదివారం ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పోయినేడు పక్క మిల్లు మూసినంక కంపెనోళ్లు ఆడికి పోయినోళ్ల కూలి తగ్గిచ్చిండ్రమ్మా. ఇంకో గేటుందా మీకు అన్నరు. ఉంది, గదిగో అని నీ గేటు చూపిచ్చినం. గందుకే మళ్ల పెంచిండ్రు. నువ్వు గూడ తాళమేస్తే మేము ఏం చూపియ్యాలె?"

రేపే గేటు తీస్తున్నానని చెప్పాను.

మన రోడ్డు ఆనవాయితీ నీకు తెలిసిందే. సీజనుకు ఎవరు ముందు గేటు తీస్తే వాళ్ళు పలికిన కూలే ఆ ఏడాది అందరికీ కూలి. గేటు ముందు కొబ్బరికాయ కొట్టి, ఇంటి పెద్ద పేరు మీద పలకాలి. నాన్న నాయనమ్మ పేరు మీద పలికేవాడు. నాన్న పోయాక నేను నాన్న పేరు మీద పలుకుతూ వచ్చాను. నిన్న సోమవారం కంపెనీ కంటే ముందు గేటు తీయించాను. కాయ కొట్టాను. నాన్న పేరు ఎత్తబోతుంటే మారెవ్వ ఆపింది.

"పోయిన మనిషి మాట తప్పితే ఎవర్ని అడుగాలమ్మా? సగం మిల్లు మీ అక్కది. ఆమె కిరాయికి ఇస్తానన్నదని కంపెనీ గేటు కాడ చెప్పుకుంటున్నరు. ఆమె మాటుందా?"

ఆడవాళ్ళందరూ నా మొహమే చూస్తున్నారు. పంపాపతి మిషన్ ఆపేశాడు. నువ్వు మేనేజరుకు ఫోన్‌లో నిజంగానే సరేనన్నావని నాకు అప్పటికి తెలియదు. తెలిసినా అదే చేసేదాన్నేమో, నీ దగ్గర దాచడమెందుకు. "ఉంది, ఇది మా అక్క హనుమమ్మ మాట" అని గట్టిగా కూలి పలికాను. పోయినేటి కంటే ఎక్కువే పలికాను. సీజను చివరి దాకా గేటు తెరిచే ఉంటుందన్నాను. వాళ్ళు నీ పేరు మళ్ళీ మళ్ళీ అనుకుంటూ లోపలికి నడిచారు.

అక్కా, నిన్ను అడగకుండా నీ మాట ఇచ్చేశాను. ఇది చెప్పడానికే ఇంత కాగితం నింపాను. నువ్వు లేనప్పుడు నీ చీర కట్టుకున్నానంటే ఓ తిట్టు తిట్టి ఊరుకునేదానివి. ఇది అట్లాంటిది కాదు.

ఈ పొద్దున కంపెనీ గేటు దగ్గరా అదే కూలి పలికారు, పలకక తప్పలేదు. మధ్యాహ్నానికి మేనేజరు మొహం మాడ్చుకుని కాగితాలతో వచ్చాడు. నువ్వు ఒప్పుకున్న సంగతి అప్పుడే తెలిసింది. కిరాయి ఇంకొంచెం పెంచాడు. దీపావళి అమావాస్య లోగా ఇద్దరి సంతకాలూ కావాలట.

ఈ కూలితో మిల్లు గట్టెక్కుతుందని నేను ఒట్టు పెట్టలేను. పత్తి ధర పడితే కంపెనీ ఇక్కడి నష్టం ఇంకో ఊళ్ళో పూడ్చుకుంటుంది. మనకు ఇంకో ఊరు లేదు. అందుకే పురుగు పడి పంట పోయిన ఏడాది వాళ్ళు మూసుకుని వెళ్ళిపోయారు, నాన్న మాత్రం ఒక్క మిషన్ తిప్పుతూ కూర్చున్నాడు. అది ధైర్యమో గతిలేకపోవడమో నాకు ఈనాటికీ తెలియదు. మీ స్లాబు మీద గోడలు లేవాలంటే కిరాయే నమ్మకమైన డబ్బు. నాకు భయంగా ఉంది. నీకు కోపం వస్తుందని ఒక భయం, రాకుండా ఊరికే సంతకం పెట్టేస్తావని ఇంకో భయం.

కంపెనీ కాగితాలు ఈ కవరులోనే పెట్టాను. చింపుదామనుకున్నాను, చింపలేదు. నీ పేరు వాడుకున్నదాన్ని, నేనే నీ చేతులూ కట్టేయకూడదు. చూడు, నా సంతకం చేసే పంపుతున్నాను. నీది ఒక్కటే మిగిలింది.

సంతకం పెడితే మాత్రం దాన్ని పోస్టులో పంపకు. రైలెక్కి రా. మారెవ్వా వాళ్ళూ పొద్దున్నే గేటు ముందు నిలబడి ఉంటారు. కాగితం పట్టుకుని వాళ్ళ ముందు నిలబడు. గేటు మూస్తున్నామన్న మాట నీ నోటితో నువ్వే చెప్పు. ఈసారి నీ పేరు మీద నేను చెప్పను.

ఇట్లు,
నీ మాట నీకే అప్పగించిన చెల్లెలు
సౌభాగ్య