తుప్పు పట్టించిన గుట్టు

చాంగ్‌చున్,
ఆదివారం.

అమ్మకు, రువోచింగ్ నమస్కరించి రాసేది.

ఇక్కడ మేం క్షేమం. గొట్టాల్లోకి వేడినీళ్ళు వదిలారు, ఇల్లు వెచ్చగా ఉంది. ఫోనులో నీకు సగం మాటలు వినపడవు కదా, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వెనిగర్ జాడీలు ఇంకా నువ్వే ఎత్తుతున్నావని పిన్ని చెప్పింది. ఇక మానెయ్యి.

"తుప్పుకి ప్రాణముందా, పని చెయ్యడానికి?" అని మొన్న మా లాబ్ పని గురించి అడిగావు. లేదమ్మా. కానీ ఆ ఇనుప తుప్పును కంటికి ఆనని రేణువులుగా చేస్తే, ప్రాణుల్లో ఉండే ఎంజైముల పని చేస్తుంది. నీ వెనిగర్‌ని పులియబెట్టే తోడు వేడెక్కితే చస్తుంది. దీన్ని మరిగించినా చావదు, పుల్లటి నీళ్ళలో మరింత చురుకు. ఎందుకలా అని మాకింకా పూర్తిగా తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను రోజూ లాబ్‌కి లాక్కుపోతోంది. దాన్ని పూసిన కాగితప్పట్టీ మీద మూత్రపు చుక్క వేస్తాం. చక్కెర ఉంటే నీలం తేలుతుంది.

పోయిన నెల పట్టీల్ని పరీక్షించడానికి లాబ్‌లో అందరం మా మూత్రమే ఇచ్చాం. సీసాలకు పేర్లు లేవు, గుర్తులే. ఒక్క పట్టీ మాత్రం ముదురు నీలమైంది. మా తుప్పు పనిచేసిందని నేను చప్పట్లు కొట్టాను. ఎవరో పుల్లలకు గుచ్చిన చక్కెర పాకంపండ్లు తెగ లాగించి వచ్చారని, నాతో పనిచేసే పెయ్‌వెన్ ఎగతాళి చేసింది. తీరా గుర్తు చూస్తే, అది నాది.

తుప్పు పొడి చెడిందనుకుని కొత్తది చేశాను. మళ్ళీ నీలమే. మా పెద్దాయన గెంగ్ మాస్టారు పట్టీని కిటికీ వెలుగులో పెట్టి చూశారు.

"పొడిని అనుమానించింది చాలు తల్లీ. ఆసుపత్రికి వెళ్ళు."

వెళ్ళాను. రక్తపరీక్షలోనూ అదే తేలింది, గర్భంతో వచ్చిన చక్కెర అట.

అవునమ్మా, గర్భంతో. నాకు ఆరో నెల. పోయినసారి రెండో నెలలోనే చెప్పాను. నువ్వు దూది బొంత కుట్టి పంపావు. అది వచ్చేసరికి కడుపు ఖాళీ. ఈసారి నీ చేత మళ్ళీ కుట్టించే ధైర్యం లేక నోరు మూసుకున్నాను. మీ అల్లుణ్ణీ చెప్పనివ్వలేదు.

భయపడకు. ముందే తెలిసింది కాబట్టి తిండితో, నడకతో అదుపులో ఉంటుందని డాక్టరమ్మ అంది. మీ అల్లుడు నా గిన్నెలో అన్నం సగం తీసేసి క్యాబేజీ నింపుతున్నాడు. "ఇది నీ తిండి కాదు, లోపలి మనిషిది. గొడవుంటే ఆ మనిషితో తేల్చుకో," అంటున్నాడు.

ఆ లోపలి మనిషి ఇప్పుడే గట్టిగా తన్నింది. పై వాక్యంలో అక్షరం ఒకటి వంకర పోయింది చూడు, అది నా రాత కాదు.

ఇట్లు,
నీ బిడ్డ,
రువోచింగ్